వెళ్ళిరా అనే బటన్

బటన్ నొక్కడమంటే అందరికీ ఒక్క పనే. నా బోటి వాళ్ళకు మాత్రం అది రెండు పనులు. వేలు దిగడం ఒకటి, వేలు లేవడం ఇంకొకటి. ఆ రెండూ ఒకే బటన్ మీద జరిగితేనే కంప్యూటర్ దాన్ని క్లిక్ అని ఒప్పుకుంటుంది. దిగిన చోట లేవకుండా వేలు పక్కకు జారిందా, ఏమీ జరగనట్టే ఊరుకుంటుంది. మనసు మార్చుకున్నవాళ్ళకు వెనక్కి తగ్గే వీలుండాలని ఎవరో పెద్దమనుషులు ఎప్పుడో అలా ఏర్పాటు చేశారు. నోయిడాలో నేను పనిచేసే కంపెనీ దుకాణాల్లో బిల్లులు కొట్టే సాఫ్ట్‌వేర్ తయారుచేస్తుంది. అందులో తెర మీద బటన్లు పెట్టడం, దేన్ని నొక్కితే ఏం జరగాలో రాయడం నా వంతు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ ఏర్పాటు మీద నాకెప్పుడూ కోపం రాలేదు. మా అక్క వేలు జారడం మొదలయ్యాక వచ్చింది.

ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో ఒకే ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం, అక్క, మేనకోడలు, నేను. బావ పోయి చాలా ఏళ్ళయింది. నాకు పెళ్ళి కుదరలేదు. కుదరలేదని నేనంటాను, కుదరనివ్వలేదని అక్క అనేది. ఆమె స్కూల్లో లెక్కలు చెప్పేది. మైకు అక్కర్లేని గొంతు. నేను కింద పార్కింగ్‌లో స్కూటరు స్టాండు వేస్తుంటే పై నుంచి "ఒరేయ్, కొత్తిమీర మర్చిపోయావా?" అని బాల్కనీలోంచి కేకేస్తే పక్క టవరు వాళ్ళు కూడా తలెత్తి చూసేవారు. కాకినాడ వదిలి ఎంత కాలమైనా ఆ యాస చెక్కుచెదరలేదు. కూరగాయల బండివాడితో హిందీలో బేరమాడినా అది తెలుగులాగే వినపడేది.

ఆ గొంతుకే ముందు జబ్బు చేసింది. క్లాసులో మాట ముద్దగా వస్తోందంది. పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాం, గొంతు డాక్టరు దగ్గరికి వెళ్ళాం, చివరికి నరాల డాక్టరు దగ్గర తేలింది. కండరాలకు కబురు మోసే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోయే జబ్బు. ఈమెకు మాట ముందు పోతుంది, తర్వాత చేతులు, కాళ్ళు, ఆ తర్వాత ఊపిరి, దీనికి మందు లేదు అని ఆయన చాలా నెమ్మదిగా చెప్పాడు. ఆటో ఎక్కాక అక్క నా మోచెయ్యి పట్టుకుని "దాని చదువురా" అంది. ఆ రెండు మాటలూ సగం ముక్కులోంచే వచ్చాయి.

అది అంటే మేనకోడలు. అప్పుడు ఇంటర్ రెండో ఏడు, ఇక్కడి లెక్కలో పన్నెండో క్లాసు. దానికి రాళ్ళ పిచ్చి. ఆరావళి కొండల వైపు ఎక్కడికి వెళ్ళినా సంచి నిండా రాళ్ళు ఏరుకొచ్చి కిటికీ గట్టు మీద పేర్చేది. భూగర్భ శాస్త్రం చదవాలని దాని పట్టుదల. పుణెలో ఒక మంచి కాలేజీ ఉందని అదే వెతికి పెట్టుకుంది. ఆ చదువుకు తన జబ్బు అడ్డం రాకూడదన్నది ఒక్కటే అక్క పంతం.

మాట పూర్తిగా పోకముందే కొన్ని వాక్యాలు రికార్డు చేసి, తెర మీద బటన్ నొక్కితే పలికేలా పెడదామని కూర్చున్నాం. అక్క ఒకసారి విని మొహం చిట్లించి, "తాగుబోతు వాగుడులా ఉంది, తీసెయ్" అంది. పాత వీడియోల్లో దొరుకుతుందేమో అని వెతికాను. ఏ వీడియో చూసినా ఫోను పట్టుకున్నది అక్కే. మమ్మల్ని నిలబెట్టి, తను నోరు మూసుకుని చేత్తో సైగలు చేస్తూ తీసేది. ఇంక కంప్యూటర్ గొంతే గతి అనుకున్నాను. తెలుగు చదివే గొంతు ఒకటి పెట్టి వినిపిస్తే, అప్పటికి చిన్న వైట్‌బోర్డు మీద రాసి మాట్లాడుతున్న అక్క, "ఇది నన్ను తర్వాతి స్టేషన్‌లో దిగమంటుందేంట్రా" అని రాసింది. మెట్రోలో వినపడే గొంతు నిజంగా అలాగే ఉంటుంది. తర్వాత బోర్డు తుడిచి, కూతురి వైపు వేలు చూపించి, "ఆ మాటలు అది పలకాలి" అని రాసింది.

మేనకోడలు ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగింది. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో ఇస్తుంది. అక్క తెలుగులో తిడితే అది హిందీలో ఎదురు చెప్పేది. అలా గంటలకొద్దీ పోట్లాడుకున్నా ఒక్కచోట కూడా మాట అర్థం కాక ఆగేవాళ్ళు కాదు. అలాంటి పిల్లను ఫ్యాను ఆపి, కుక్కరు ఆపి, మైకు ముందు కూర్చోబెట్టాం. మొదటి మాట 'నీళ్ళు'. అది 'నీల్లు' అంది. అక్క అరచేత్తో మంచం మీద కొట్టింది. మళ్ళీ నీల్లు. మళ్ళీ దెబ్బ. మా ఇద్దరికీ తల వాచిపోయాక ఎప్పటికో దానికి నోరు తిరిగింది. అప్పుడు అక్క నవ్వింది. గొంతు లేని నవ్వు నేను చూడడం అదే మొదటిసారి. చాలా బాధేసింది.

తెర మీద నేను పెట్టినవన్నీ పనికొచ్చే బటన్లు. నీళ్ళు, ఫ్యాను, నొప్పిగా ఉంది, పక్కకి తిప్పు. అక్క వాటిని చూసి నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "ఇది రోగి భాష. నా తిట్లేవీ?" అని రాసింది. కాబట్టి తిట్లు వచ్చాయి. 'నీ మొహంలే'. 'ఏడిశావు'. 'ఒరేయ్, ఇప్పుడా రావడం?' 'పెళ్ళి సంగతేంట్రా?' ఈ చివరిది రికార్డు చేసేటప్పుడు మేనకోడలు నవ్వి నవ్వి మైకు కింద పడేసింది. ఆ రోజు నుంచి నేను ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే, నాకు మేనకోడలయ్యే పిల్ల గొంతు నన్ను ఒరేయ్ అని పిలిచి ఇంత ఆలస్యమేమని నిలదీసేది. పగలు అక్కను చూసుకోవడానికి వచ్చే దీదీకి తెలుగు రాదు కానీ, నేను తిట్లు తింటున్నానని మాత్రం తెలిసిపోయేది.

నొక్కడంలో తంటాలు అప్పుడే మొదలయ్యాయి. అక్క వేలు మౌస్ మీద వణికేది. ఒక్కసారి నొక్కాలనుకుంటే రెండుసార్లు పడుతోందని నాకనిపించింది. 'నీళ్ళు నీళ్ళు' అని వచ్చేది. మా బిల్లుల సాఫ్ట్‌వేర్‌లో ఇది మామూలు గొడవే. కౌంటర్లో కుర్రాడు కంగారులో రెండుసార్లు నొక్కితే రెండు బిల్లులు పడకుండా, మొదటి నొక్కు తర్వాత కాసేపు రెండో నొక్కును లెక్కలోకి తీసుకోకుండా రాస్తాం. అదే పద్ధతి ఇక్కడా పెట్టి, మంచి పని చేశానని మురిసిపోయాను. సాయంత్రానికి అక్క బోర్డు మీద వంకర అక్షరాలతో ఇలా రాసి ఉంచింది: "నేను రెండుసార్లు అనాలనే నొక్కాను. దాహమేస్తే నువ్వు ఒక్కసారే అంటావా?" తీసేశాను. మనిషి ఒకే మాట రెండుసార్లు అనడం తప్పు కాదని మా వృత్తిలో ఎవరికీ తట్టదు.

ఆ తర్వాత వేలు జారడం మొదలైంది. నొక్కగలుగుతోంది, నొక్కిన చోటే లేపలేకపోతోంది. వేలు లేచేసరికి మౌస్ కదిలి, తెర మీద బాణం బటన్ అవతలికి పోయేది. క్లిక్ కాలేదంటుంది కంప్యూటర్. అక్క మనసు మార్చుకుందనుకుంటుంది అది. అక్క మనసు మార్చుకోవడమా! పుట్టి బుద్ధెరిగి ఏ విషయంలోనూ మార్చుకోలేదు. నాకు ఒళ్ళు మండింది. వేలు లేచే దాకా ఆగకుండా, దిగగానే పలికేటట్టు మార్చి రాశాను. అక్కకు మళ్ళీ మాట వచ్చింది. కానీ తర్వాత ఏం పోతుందో నాకు తెలుసు, ఆమెకు నాకంటే బాగా తెలుసు.

పుణె కాలేజీలో సీటు వచ్చిన సంగతి మేనకోడలు మాకు చెప్పలేదు. మెయిల్ నా ఫోనుకు కూడా వచ్చింది కాబట్టి బయటపడింది. అడిగితే తల దించుకుని, "నహీ జానా మామయ్యా. ఛోడో నా" అంది. వెళ్ళనంటోంది. ఇక్కడే ఘజియాబాద్‌లో ఏదో ఒక కాలేజీలో చేరతానంది. అక్క అంతా విని, బోర్డు అడిగి, ఒకే మాట రాసింది. 'వెళ్ళిరా'. దాని పక్కన ఒక చదరం గీసింది. బటన్ కావాలన్నమాట.

మనలో బయలుదేరేవాళ్ళను ఎవరూ ఉత్తి వెళ్ళు అనరు. తిరిగి రావడం కూడా కలిపి, వెళ్ళిరా అని పంపిస్తారు. మేనకోడలికి ఆ మాట తెలుసు. స్కూలుకు వెళ్ళే ప్రతి ఉదయం గుమ్మంలో విన్నదే. బటన్ తెర మీద పెట్టి, మైకు తెచ్చి దాని ముందు ఉంచాను. అది మైకును నా వైపు తోసేసింది.

"ముఝ్‌సే యే నహీ బోలా జాతా," అంది.

"ఎందుకు అనలేవు? నీళ్ళు అన్నావు, వెళ్ళిరా అనలేవా?" అన్నాను.

"నహీ బోలూంగీ. బస్." అననంటే అననని లేచి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

నాకు కోపం వచ్చి, ఆ మాట నేనే రికార్డు చేసి బటన్‌కు తగిలించాను. అక్క నొక్కింది. నా బొంగురు గొంతు వెళ్ళిరా అంది. అక్క కళ్ళు మూసుకుని తెరిచి, బోర్డు మీద చాలాసేపు కష్టపడి రాసింది: "పంపేది నువ్వు కాదు, నేను. నా గొంతు దాని దగ్గరుంది. అది ఇవ్వాలి." నా గొంతు తీసేశాను.

అలా ఆ బటన్‌కు పని లేకుండా పోయింది. నొక్కితే ఏం జరగాలో రాసే చోట ఏమీ లేదు. అలాంటి బటన్ కూడా నొక్కితే లోపలికి దిగుతుంది, వదిలితే పైకి లేస్తుంది. జరగాల్సింది మాత్రం జరగదు. మా ఆఫీసులో అలా వదిలేస్తే పరీక్షించేవాళ్ళు నన్ను ఉతికి ఆరేస్తారు. పని లేని బటన్‌కు బూడిద రంగు వేసి నొక్కే వీలు లేకుండా చెయ్యాలి, అది మా రూలు. అలాగే చెయ్యబోతే అక్క కనుబొమలు ముడిచి వద్దంది.

ప్రతి సాయంత్రం మేనకోడలు గదిలోకి రాగానే అక్క ఆ బటన్ నొక్కేది. అది దిగేది, లేచేది. చప్పుడు ఉండేది కాదు. మేనకోడలు తెర వైపు చూడకుండా తల్లి కాళ్ళకు నూనె రాసేది, దుప్పటి సర్దేది, ఆ రోజు ఏం జరిగిందో హిందీలో చెప్పేది. అక్క మళ్ళీ నొక్కేది. ఇంత మొండి మనుషులను నేనెక్కడా చూడలేదు. ఒకరు పంపాలని, ఒకరు ఉండాలని, ఇద్దరూ ఒకే ప్రేమతో ఒకరినొకరు కోసుకుంటుంటే మధ్యలో నేను ల్యాప్‌టాప్ చార్జర్ పట్టుకుని నిలబడేవాణ్ణి. ఒకరోజు వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. దీదీ చూసి టీ పెట్టిచ్చింది.

కాలేజీలో చేరే గడువు దగ్గరపడింది. అక్క వేలి సత్తువకు కూడా గడువు దగ్గరపడింది. ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నాలు తిన్నాక, అక్క బాణాన్ని మెల్లగా జరుపుకుంటూ ఆ బటన్ మీదికి తెచ్చింది. వేలు మౌస్ మీదే ఉంది. నొక్కుతోంది, మౌస్ నొక్కుకోవడం లేదు. మొహం ఎర్రబడింది. నుదుటి మీద చెమట పట్టింది. తెర మీద బటన్ దిగలేదు. అక్క కళ్ళలోంచి నీళ్ళు కారి చెవుల్లోకి పోతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి లేవదు. నేను లేవబోయాను, మేనకోడలు నాకంటే ముందు లేచింది.

అది తల్లి కళ్ళు తుడిచింది. మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, తల్లి వేలి మీద తన వేలు పెట్టి నొక్కింది. బటన్ దిగింది. వేలు తీసింది. లేచింది. గదిలో ఏ చప్పుడూ లేదు. అలా ఇంకోసారి నొక్కించింది. తర్వాత నా వైపు తిరిగి, "మైకు పెట్టు మామయ్యా" అంది. తెలుగులో.

ఫ్యాను ఆపాను. ఆ పిల్ల గొంతు సవరించుకుని "వెళ్ళిరా అమ్మా" అంది. బోర్డు మీద అమ్మా అని లేదు. అక్క రోజూ గుమ్మంలో కూతుర్ని పంపేటప్పుడు అన్నట్టే అంది. సగంలో గొంతు వణికింది. మళ్ళీ చేద్దామా అని నేను అక్క వైపు చూశాను. నీళ్ళు అనే మాటకు మా ప్రాణం తీసిన మనిషి, దీనికి కనుబొమలు పైకెత్తి చాలంది.

ఇక నొక్కే పనే లేకుండా రాయాల్సి వచ్చింది. బటన్ మీద బాణం కాసేపు నిలిస్తే చాలు, నొక్కినట్టే లెక్క. మౌస్‌ను జరిపే పాటి బలం అక్క చేతిలో ఇంకా మిగిలి ఉంది. ఎంతసేపు నిలిస్తే పలకాలి అన్నది నాకొక పెద్ద సమస్య. మరీ తక్కువైతే దారిలో తగిలిన ప్రతి బటనూ తిట్టిపోస్తుంది. ఎక్కువైతే అక్క చెయ్యి అలిసిపోతుంది. ఇద్దరం కూర్చుని సరిచూసుకున్నాం. 'నీ మొహంలే' చాలాసార్లు పలికింది, అందులో కొన్ని పొరపాటున పలికినవి కావని నా అనుమానం.

మేనకోడలు బయలుదేరిన రోజు నిజాముద్దీన్ స్టేషనుకు వెళ్ళాల్సిన క్యాబ్ కింద హారన్ కొడుతోంది. బ్యాగు భుజాన వేసుకుని తల్లి మంచం దగ్గర నిలబడింది. అక్క బాణాన్ని బటన్ మీదికి తెచ్చి ఆపింది. కూతురి గొంతు కూతుర్నే "వెళ్ళిరా అమ్మా" అంది. గదిలో నిలబడ్డ పిల్ల తన గొంతు తనకే చెప్పిన మాట విని, "వెళ్ళొస్తానమ్మా" అంది. అక్క బాణాన్ని కొంచెం పక్కకు జరిపి మళ్ళీ వెనక్కి తెచ్చింది. "వెళ్ళిరా అమ్మా." లిఫ్టు తలుపులు మూసుకునేదాకా ఆ మాట వినపడుతూనే ఉంది. నేను బ్యాగులు మోస్తూ ఏడుపు ఆపుకోలేకపోయాను. అక్క మాత్రం ఆ రోజంతా కళ్ళల్లో వెలుగుతో ఉందని దీదీ చెప్పింది.

తర్వాత వీడియో కాల్స్. పుణె నుంచి అది దక్కను రాళ్ళ గురించి తెలుగులో చెప్పడానికి తంటాలు పడేది. ఇక్కడి నుంచి దాని గొంతే దాన్ని "ఏడిశావు" అనేది. చలికాలం వచ్చి పొగ కమ్మింది. ఎదురు టవరు కూడా కనపడని రోజుల్లో అక్క ఛాతీలో నెమ్ము చేరింది. హాస్పిటల్‌కు ల్యాప్‌టాప్ తీసుకెళ్ళాను కానీ, అప్పటికి మౌస్ జరిపే సత్తువ కూడా చేతికి లేదు. బాణం తెర మధ్యలో ఏ బటన్ మీదా కాకుండా నిలిచిపోయి ఉండేది. అక్క దాన్నే చూస్తూ పడుకునేది. మేనకోడలు విమానం దిగేసరికి అంతా అయిపోయింది.

చుట్టాలు వెళ్ళిపోయాక ఒక మధ్యాహ్నం మేనకోడలు ఖాళీ మంచం మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచింది. నేను గుమ్మంలో నిలబడ్డాను. పంపించినందుకు నన్ను తిడుతుందేమో, తిడితే బాగుండు అనుకున్నాను. అది బాణాన్ని ఒక్కో బటన్ మీద నిలుపుతూ పోయింది. నీళ్ళు. ఫ్యాను. ఏడిశావు. పెళ్ళి సంగతేంట్రా. అన్నీ పలికాయి. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. ఏదో వెతుకుతున్నట్టు, ఒక్కొక్కటీ తల వంచి విన్నది. చివరికి తెర మూయకుండానే చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"ఇందులో అమ్మ లేదు మామయ్యా," అంది. "అంతా నేనే ఉన్నాను."

నేను వెళ్ళి దాని పక్కన కూర్చున్నాను.